మూలకణాల పేరుతో వచ్చే చర్మ చికిత్సలు: దేనిని ఎంచుకోవాలి, దేనికి దూరంగా ఉండాలి

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి పట్టణాలలో చర్మ సౌందర్య చికిత్సల బోర్డుల మీద, కరపత్రాల మీద ‘స్టెమ్ సెల్’, అంటే మూలకణం, అనే మాట ఇటీవల తరచుగా కనిపిస్తోంది. తనలాంటి కణాలను పుట్టిస్తూ, వేరే రకం కణాలుగా కూడా మారగల కణం అది. ఆ మాట చాటున అమ్ముడవుతున్న వస్తువు మాత్రం ఒకటి కాదు. ఒకచోట అది మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం, మరొకచోట పొట్ట దగ్గర నుంచి లాగిన కొవ్వు, ఇంకొకచోట కణాలు విడిచే అతి చిన్న సంచులు, అంటే ఎక్సోసోములు, నింపిన చిన్న సీసా, దుకాణంలో అయితే ఆపిల్ మూలకణాలు కలిపామని చెప్పే క్రీము. వీటిలో కొన్నింటిలో మూలకణం అన్నదే ఉండదు. కొన్నింటిలో ఉన్నా, ముఖ చర్మానికి అది చేసే మేలు ఎంతో ఇంకా తేలలేదు. జీవకణాలతో నిజంగా చేసే చికిత్స కూడా ఒకటి, బొల్లికి, ఉంది గానీ, దాని గురించి కరపత్రాలలో కనిపించేది తక్కువ. పెళ్లి కుదిరిన అమ్మాయిల తల్లులు, చెరువుల మీద ఎండకు ముఖం నల్లబడిన ఆక్వా రైతులు, జుట్టు ఊడుతోందని దిగులుపడే కుర్రవాళ్లు ‘ఇందులో ఏది చేయించుకోవాలి’ అని అడిగినప్పుడు చెప్పవలసిన మాటలను ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

ముందుగా తూచుకోవలసినవి

ఎంపికకు కూర్చునే ముందు మన చర్మంలో ఇప్పటికే ఏముందో తెలుసుకోవాలి. పైపొర అడుగు వరుసలోను, వెంట్రుక కుదురు పక్కన ఉండే చిన్న ఉబ్బులోను మూలకణాలు ఉంటాయి. అవి విభజన చెందుతూ ఉండటం వల్లనే దాదాపు నెల, నెలన్నరకు ఒకసారి పైపొర మొత్తం మారిపోతుంది. 1975లో అమెరికాలో హోవార్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ ఈ పైపొర కణాలను ప్రయోగశాలలో పెంచే పద్ధతిని కనుగొన్నారు, ఆ తర్వాతి దశకంలో ఒళ్లంతా కాలినవారికి అలా పెంచిన చర్మపు పొరలను అతికించి ప్రాణాలు నిలిపారు. 2015లో జర్మనీలో పుట్టుకతోనే చర్మం పొక్కి ఊడిపోయే వ్యాధి ఉన్న ఒక ఏడేళ్ల బాలుడికి, జన్యులోపం సరిచేసిన అతని సొంత కణాలతోనే పెంచిన చర్మాన్ని శరీరంలో దాదాపు 80 శాతం మేర అమర్చగా, ఆ వివరాలు 2017లో ప్రచురితమయ్యాయి. మన దగ్గర హైదరాబాదు ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను మార్పిడి చేసి, రసాయనాలు పడి చూపు పోయిన ఎందరికో తిరిగి చూపు తెప్పించింది. మూలకణ వైద్యం బూటకమని కొట్టిపారేయవలసిన పని లేదని చెప్పడానికే ఇదంతా. అయితే ఈ విజయాల వెనుక ప్రత్యేక ప్రయోగశాలలు, శస్త్రచికిత్స గదులు, ఏళ్ల తరబడి రోగిని గమనించిన వైద్య బృందాలు ఉన్నాయి. మధ్యాహ్నం అరగంటలో ముగించి పంపే సిట్టింగుకు ఈ పేరు పెట్టినప్పుడు ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

ఇక తూచవలసిన అంశాలలో మొదటిది, సూదిలోనో సీసాలోనో ఉన్న పదార్థం ఏమిటి, అది ఎవరి శరీరం నుంచి వచ్చింది, అందులో కణాలు బతికి ఉన్నాయా అన్నది. రెండవది, మన సమస్యకు, ఆ చికిత్సకు నిజంగా పొత్తు ఉందా అన్నది. మొటిమల గుంటకు పనికివచ్చేది మంగుకు పనికిరాదు. మూడవది చట్టం. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధమైన వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి స్థిరపడిన వైద్యం తప్ప, మిగిలిన మూలకణ చికిత్సలను మందును మనుషులలో పరీక్షించే, అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే చేయాలి. కణాలను కడిగి వడకట్టడం వరకే ఆగకుండా వాటి సంఖ్యనో స్వభావాన్నో మార్చేలా ప్రాసెస్ చేసిన ఉత్పత్తిని 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కొత్త మందుగానే చూస్తాయి. అంటే, ముఖం మీది ముడతలకు మూలకణాలు ఎక్కిస్తామని రేటు చెప్పి డబ్బు కట్టించుకోవడం ఆ నిబంధనలలో ఎక్కడా ఇమడదు.

నాలుగవది మన చర్మం, మన వాతావరణం. చామనఛాయ చర్మం గాయపడితే ఆ చోట నల్ల మచ్చ మిగలడం సాధారణం. గోదావరి డెల్టాలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత, చెమట, నీటి మీది నుంచి ఎగసి కొట్టే ఎండ ఉంటాయి కనుక, సూది గుచ్చిన చర్మం మానే వారం రోజులు ఎక్కడ, ఎలా గడుపుతామన్నది చికిత్స ఎంపికలో భాగమే అవుతుంది. చివరిది, తేడా వస్తే వెనక్కి తీసుకోగలమా అన్నది. పడని క్రీము మానేస్తే చాలు. లోపలికి ఎక్కించిన కణాలను తిరిగి తీసే దారి లేదు.

| చికిత్స | అందులో ఉండేది | బతికి ఉన్న మూలకణాలు | ఎక్కువగా ఉపయోగపడే చోటు | ప్రధానమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మా) | మన రక్తంలోని ప్లేట్‌లెట్లు | ఉండవు | జుట్టు పలచబడటం, మొటిమల గుంటలు | పలు సిట్టింగులు, శుభ్రత |
| నానోఫ్యాట్ | మన కొవ్వు నుంచి వడకట్టిన ద్రవం | కొన్ని ఉంటాయి | కుంగిన మచ్చలు, గట్టిపడిన గాయపు మచ్చలు | చిన్న శస్త్రచికిత్స, రక్తనాళం మూసుకునే ముప్పు |
| ఎక్సోసోములు | కణాలు విడిచిన అతి చిన్న సంచులు | ఉండవు | ఇంకా తేలలేదు | మూలం, నాణ్యత తెలియకపోవడం |
| మొక్కల మూలకణాల క్రీములు | మొక్క కణాల సారం | ఉండవు | తేమనివ్వడం వరకే | ధర |
| బొల్లికి కణాల మార్పిడి | మన చర్మపు రంగు కణాలు, పైపొర కణాలు | రంగు కణాలతో పాటు కొన్ని | నిలకడగా ఉన్న బొల్లి | అనుభవమున్న వైద్యులు తక్కువ |

పీఆర్‌పీ

డెల్టా పట్టణాలలో మూలకణ చికిత్స పేరుతో జరిగేది ఎక్కువగా ఇదే. చేతి నుంచి పది, ఇరవై మిల్లీలీటర్ల రక్తం తీసి, సెంట్రిఫ్యూజులో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న పసుపు పొరను వేరు చేసి, తలలోకో ముఖంలోకో సూదితో ఇస్తారు. మైక్రోనీడ్లింగ్ చేసి, అంటే సన్నని సూదులతో చర్మానికి చిన్న చిన్న రంధ్రాలు చేసి, పైన పూసే పద్ధతి కూడా ఉంది. ప్లేట్‌లెట్లు విడిచే పెరుగుదల కారకాలు అక్కడి కణాలను చురుకు చేస్తాయన్నది దీని వెనుక ఉన్న సూత్రం. ఇందులో మూలకణాలు ఉండవు, ఆ మాట సూటిగా చెప్పే వైద్యుడిని నమ్మవచ్చు.

వంశపారంపర్యంగా జుట్టు పలచబడుతున్నప్పుడు, కుదుళ్లు ఇంకా బతికి ఉన్న దశలో పీఆర్‌పీ కొంత మేలు చేస్తుంది. నున్నగా మెరిసే బట్టతల మీద చేయదు. నెలకు ఒకటి చొప్పున మూడు సిట్టింగులు, తర్వాత కొన్ని నెలలకు ఒకటి చొప్పున కొనసాగింపు కావాలి, మానేస్తే ఫలితం క్రమంగా తగ్గుతుంది. రోజూ రాసే మినాక్సిడిల్‌ను, పురుషులలో వైద్యుని సలహాతో వాడే ఫినాస్టరైడ్‌ను పక్కన పెట్టి దీనినే మొదలు పెట్టడం తొందరపాటు. ముఖం కాంతికి దీని మేలు స్వల్పమే. మొటిమల గుంటలకు మైక్రోనీడ్లింగ్‌తో కలిపినప్పుడు కొంత అదనపు ఫలితం కనిపిస్తుంది.

సొంత రక్తమే కదా, ప్రమాదమేమిటి అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఈ రకం ముఖ చికిత్స చేయించుకున్న మహిళలకు హెచ్‌ఐవీ సోకిన ఉదంతాన్ని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో వివరించింది. రక్తం ఎవరిదైనా, ఒకసారి వాడి పారేయవలసిన సూదులు, గొట్టాలు మళ్లీ వాడితే ఇతరుల జబ్బు మనకు వస్తుంది. అందుచేత కొత్త కిట్‌ను మన కళ్ల ముందే విప్పమని, గొట్టం మీద మన పేరు రాయమని అడగడం మర్యాద తప్పడం కాదు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు ఆ విషయాన్ని ముందే చెప్పాలి.

కొవ్వు నుంచి తీసినవి: నానోఫ్యాట్, ఎస్‌వీఎఫ్

ఈ జాబితాలో మూలకణం అనే మాటకు కాస్త దగ్గరగా వచ్చేది ఇదే, జాగ్రత్త ఎక్కువగా అవసరమైనదీ ఇదే. తీసేసిన కొవ్వులో రకరకాల కణజాలంగా మారగల కణాలు ఉన్నాయని 2001లో అమెరికా పరిశోధకులు చూపించారు. 2013లో బెల్జియం సర్జన్లు కొవ్వును రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి మెత్తగా చేసి, వడకట్టి, సన్నని సూదితో ఎక్కించే నానోఫ్యాట్ పద్ధతిని వివరించారు. ఇందులో కొవ్వు కణాలు చాలావరకు చితికిపోతాయి, వాటి చుట్టూ ఉండే ఇతర కణాలు మిగులుతాయి. కాలిన మచ్చలు, కుంగిన గాయపు మచ్చలు మెత్తబడటంలో, రంగు కొంత కలవడంలో దీని ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి, కానీ ఆ అధ్యయనాలలో చాలావరకు కొద్దిమంది రోగులతో చేసినవే.

ఎస్‌వీఎఫ్, అంటే కొవ్వు నుంచి విడదీసిన కణాల మిశ్రమం, ఇందుకు భిన్నం. అక్కడ కొవ్వును ఎంజైముతో కరిగించి కణాలను విడదీస్తారు. సిరంజితో మెత్తగా చేయడం ఒక శస్త్రచికిత్సలో భాగమైన పని అయితే, ఎంజైముతో కణాలను వేరు చేయడం మందు తయారీకి దగ్గరైన పని. చట్టం అడిగే ప్రశ్నలూ ఇక్కడే మొదలవుతాయి. ‘మేము మీ కొవ్వు నుంచి మూలకణాలు తీస్తాం’ అని ఎవరైనా అంటే, ఎంజైము వాడుతున్నారా అని అడగండి. అవునంటే, ఏ ట్రయల్ కింద, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతితో అని అడగండి. ట్రయల్ అయితే దాని నంబరు భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో అందరికీ కనిపిస్తుంది, మూలకణ పరిశోధనలో పాల్గొన్నందుకు రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు.

లాస్ ఏంజిలిస్ ప్రాంతానికి చెందిన ఒక మహిళ కళ్ల చుట్టూ ముడతల కోసం కొవ్వు నుంచి తీసిన మూలకణాలను ఎక్కించుకోగా, కొన్నాళ్లకు రెప్ప మూసి తెరిచినప్పుడల్లా టిక్కుమనే చప్పుడు మొదలైంది. ఆపరేషన్ చేసి చూస్తే రెప్పలో ఎముక ముక్కలు ఉన్నాయి. ముందుగా అక్కడ నింపిన కాల్షియం ఫిల్లరు, ఆ తర్వాత చేరిన మూలకణాలు కలిసి ఎముకగా గట్టిపడి ఉంటాయని వైద్యులు భావించారు. ఏ కణంగానైనా మారగలగడం మూలకణపు గొప్పతనమని కరపత్రం చెబుతుంది. ఎక్కించిన చోట అది ఏ కణంగా మారాలో నిర్ణయించే మాట మనది కాదన్నది ఈ ఉదంతం చెబుతోంది. ఇదే కాక, ముఖంలో కొవ్వు ఎక్కించేటప్పుడు అది రక్తనాళంలోకి పోయి చూపు కోల్పోయినవారి ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. కనుక కాలిన మచ్చకో, ప్రమాదంలో తగిలిన గాయపు మచ్చకో నానోఫ్యాట్ చేయించుకోవాలనుకుంటే, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరే చేయించుకోవాలి. యవ్వనపు మెరుపు కోసం అయితే ఈ ముప్పు మోయదగినది కాదని నా అభిప్రాయం.

ఎక్సోసోములు

కణాలు ఒకదానితో ఒకటి సంకేతాలు పంపుకోవడానికి విడిచే సంచుల వంటివి ఇవి, సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. పెంచిన మూలకణాల ద్రవం నుంచో, మొక్కల నుంచో తీసి సీసాలలో నింపి అమ్ముతున్నారు. కణాలే లేవు కనుక భయం లేదని అమ్మేవారు అంటారు. కానీ ఏ కణాల నుంచి తీశారు, ఒక సీసాకూ మరొక సీసాకూ సాంద్రత ఒకటేనా, సూక్ష్మక్రిములు లేవని ఎలా తేల్చారు అన్న ప్రశ్నలకు సీసా మీది చీటీలో జవాబు దొరకదు. అమెరికాలోని నెబ్రాస్కాలో ఇటువంటి ఉత్పత్తులు వాడినవారికి తీవ్రమైన ఇబ్బందులు కలిగిన తర్వాత, ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో తాము ఆమోదించిన ఎక్సోసోము ఉత్పత్తి ఒక్కటీ లేదని ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది. పైపూత సౌందర్య సాధనంగా వచ్చిన సీసాను మైక్రోనీడ్లింగ్ చేసిన చర్మం మీద పోయడమంటే, వేల రంధ్రాల గుండా దానిని లోపలికి పంపడమే. ఇప్పటికి దీనిని ఎవరికీ సూచించలేను.

రక్తనాళం ద్వారా మూలకణాలను ఎక్కించి ఒళ్లంతా యవ్వనం తెప్పిస్తామనే డ్రిప్పుల గురించి ఇంత కూడా ఆలోచించనక్కరలేదు. వద్దు.

మొక్కల మూలకణాల క్రీములు

ఇవి హాని చేసేవి కావు, పేరు చెప్పినంత మేలు చేసేవీ కావు. మొక్క కణం మన చర్మకణంగా మారదు, క్రీములో అది బతికి కూడా ఉండదు. అణువుల బరువును కొలిచే డాల్టన్లలో 500 కన్నా పెద్దవైన అణువులు చర్మపు పై పొరను దాటడం కష్టమని చర్మ శాస్త్రంలో ఒక లెక్క ఉంది. కణం మాట అలా ఉంచి, పెద్ద ప్రోటీను కూడా అక్కడే ఆగిపోతుంది. అదే డబ్బుతో ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీను, వైద్యుడు రాసిచ్చే, విటమిన్ ఏ కోవకు చెందిన రెటినాయిడ్ క్రీము కొనుక్కోవడం మేలు. ముడతలను, ఎండ దెబ్బను తగ్గించడంలో ఆ రెండింటికీ దశాబ్దాల ఆధారం ఉంది. గర్భిణులు రెటినాయిడ్లు వాడకూడదు.

బొల్లికి కణాల మార్పిడి

తొడ నుంచో పిరుదు నుంచో పలుచని చర్మపు పొరను తీసి, ఎంజైముతో రంగు కణాలను, పైపొర కణాలను విడదీసి, తెల్ల మచ్చ మీది పైపొరను గీరిన చోట ఆ కణాలను పరుస్తారు. తీసిన పొరకు అయిదు, పది రెట్ల వైశాల్యాన్ని కప్పవచ్చు. 1992లో ఫ్రాన్స్‌లో మొదట వివరించిన ఈ పద్ధతిని మన దేశంలోని బోధనాసుపత్రుల చర్మ విభాగాలు చాలాకాలంగా చేస్తున్నాయి. వారం రోజుల వరకు కట్టు ఉంటుంది, రంగు మెల్లగా నెలల తరబడి నిండుతుంది. శరీరంలో ఒక పక్కనే వచ్చే బొల్లికి ఫలితం బాగుంటుంది. వేళ్ల కొసలు, కీళ్ల మీద అంత బాగుండదు. కనీసం ఏడాదిగా కొత్త మచ్చ రాకుండా, ఉన్న మచ్చ పెరగకుండా ఉంటేనే చేయాలి. పెరుగుతున్న దశలో చేస్తే గీరిన చోట కూడా బొల్లి పుట్టుకు రావచ్చు.

దీనికి ముందు మరొక మాట ఉంది. మన తేమ వాతావరణంలో వీపు మీద, మెడ మీద వచ్చే తెల్ల మచ్చలలో చాలావరకు శోభి మాత్రమే, ఫంగస్ మందుతో పోతుంది. స్పర్శ తెలియని మచ్చ అయితే వెంటనే కుష్ఠు పరీక్ష చేయించాలి, దాని మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. బొల్లి అని తేలాక కూడా పూత మందులు, వారానికి రెండు మూడు సార్లు ఇచ్చే కాంతి చికిత్స ముందు ప్రయత్నించవలసినవి. లంక గ్రామాల వారికి వారానికి మూడు సార్లు రేవు దాటి పట్టణానికి రావడం కష్టమే కనుక, దారి దూరాన్ని వైద్యునితో మొదటే చెప్పి దానికి తగిన పద్ధతిని అడగాలి.

ఎవరికి ఏది

పెళ్లికూతురి విషయంలో ముహూర్తమే మొదటి లెక్క. పీఆర్‌పీ అయినా మైక్రోనీడ్లింగ్ అయినా చర్మం లోపల బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీను కూడటానికి మూడు నెలల దాకా పడుతుంది, అందుచేత ఆరు నెలల వ్యవధి ఉంటేనే మొదలు పెట్టాలి. ముహూర్తం నెల లోపల ఉంటే సూది తగిలే కొత్త చికిత్స ఏదీ వద్దు. నల్ల మచ్చ మిగిలితే అది పెళ్లి ఫోటోలలోనే కనిపిస్తుంది. మంగు ఉన్నవారికి మూలకణాల పేరుతో వచ్చేదేదీ మొదటి మందు కాదు, సన్‌స్క్రీను, వైద్యుడు రాసే పూతలే మొదటివి.

చెరువుల మీద, వరి చేలలో పనిచేసేవారు సూదులు గుచ్చే చికిత్స తీసుకుంటే కనీసం వారం రోజులు ఎండకు, చెరువు నీటికి, సున్నం, బ్లీచింగ్ పొడి చల్లే పనికి దూరంగా ఉండాలి. పట్టుబడి రోజులలో అది కుదరదు కనుక రెండు పంటల నడుమ విరామం చూసుకోవాలి. అంచు వెడల్పయిన టోపీ, రెండు గంటలకొకసారి రాసే సన్‌స్క్రీను లేకుండా ఏ సిట్టింగుకు డబ్బు పెట్టినా అది నీటిపాలే.

మొటిమల గుంటలున్న యువకులు ముందు మొటిమలు పూర్తిగా ఆగేలా చూసుకోవాలి. తర్వాత గుంట ఆకారాన్ని బట్టి, కింద బిగిసిన పోగులను తెంచే సబ్‌సిషన్, మైక్రోనీడ్లింగ్, లేజర్ వంటివి కలిపి చేస్తారు, పీఆర్‌పీ అక్కడ తోడుగా మాత్రమే వస్తుంది. గాయాలు ఉబ్బి కెలాయిడ్లుగా మారే తత్వం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది మరొక రకం ముఖం. తెల్లబడతారని ఎవరో చెప్పగా, మందుల షాపులో చీటీ లేకుండా కొన్న స్టీరాయిడ్ కలిసిన క్రీమును నెలల తరబడి రాసి, చర్మం పలచబడి, ఎర్రబడి, సన్నని నరాలు తేలి, మానేస్తే మంట, రాస్తే ఉపశమనం అనే ఉచ్చులో పడినవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అటువంటి చర్మం మీద పీఆర్‌పీ, ఎక్సోసోములు, లేజర్ ఏదీ చేయించకూడదు. వైద్యుని పర్యవేక్షణలో ఆ క్రీమును మెల్లగా మాన్పించి, పొర కోలుకునే వరకు నెలల తరబడి ఓపిక పట్టడమే వారికి తగిన చికిత్స. దీనికి అయ్యే ఖర్చు తక్కువే, అందుకే దీని గురించి కరపత్రాలు వేయించేవారు ఎవరూ లేరు.

వెళ్లేటప్పుడు

చేసేది ఎవరో తెలుసుకోండి: చర్మవ్యాధులలో ఎండీ డీవీఎల్ లేదా డిప్లొమా, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సూది గుచ్చేది ఆ వైద్యుడా, సహాయకులా అని కూడా అడగండి. ‘స్టెమ్ సెల్’ అన్న చోట చికిత్స అసలు పేరును, వాడిన ఉత్పత్తి పేరును, బ్యాచ్ నంబరును బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనుకాడిన చోట బిల్లు దాకా వెళ్లనక్కరలేదు. ప్యాకేజీ మొత్తం ఒకేసారి కట్టకుండా మొదటి సిట్టింగు ఫలితం చూసి కట్టండి.

రెండవ అభిప్రాయం కావాలంటే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి చర్మ విభాగానికి గానీ, దగ్గరలోని మెడికల్ కళాశాల ఆసుపత్రికి గానీ ఉదయం ఓపీ వేళకు వెళ్లవచ్చు. ఇంతవరకు రాసిన క్రీముల ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి. మచ్చ ఏడాది కిందట ఎంత ఉండేదో తెలిపే పాత ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకోండి.